గరుకు గడియకు నునుపు వైద్యం

వేట తుపాకి గొప్పతనమంతా గురిలోనే ఉందనుకుంటాం. కానీ ఆ విద్య తెలిసినవాళ్లు తుపాకిని చేతిలోకి తీసుకోగానే చేసే మొదటి పని... గడియ ఎత్తి లాగి చూడటం. అది నున్నగా కదిలితే ముఖం వెలిగిపోతుంది. గరగరలాడితే నొసలు ముడిపడుతుంది. అలాగని గరుకు తగిలిన చోటల్లా రుద్దేశారో... పేల్చేవాడి ముఖానికే ముప్పు! నునుపు చేయడం ఒక విద్య అయితే, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియడం అంతకు మించిన విద్య.

ఎదురుగా గాయపడిన అడవిదున్న. మొదటి గుండు తగిలినా పడలేదు. తల వంచి దూసుకొస్తోంది. మధ్యలో ఉన్నది ముప్ఫై గజాల దూరం. వేటగాడు గడియ ఎత్తాడు. వెనక్కి లాగాడు. పేలిన తూటా తొడుగు ఎగిరి పడింది. రెండో తూటా ఎక్కించడానికి గడియను ముందుకు తోశాడు. అది సగం దారిలో బిగుసుకుపోయింది!

ఇలాంటి స్థితి ఎదురైతే ఎంత గురి ఉన్నా ఏం లాభం? అందుకే ఆఫ్రికా, ఇండియా అడవుల్లో ఒకప్పుడు తిరిగిన వేటగాళ్లు తుపాకి అందాన్నీ, దాని కర్రమీది నగిషీనీ తర్వాత చూసుకునేవారు. ముందు చూసుకున్నది గడియనే. మొదటి గుండు గురికి పరీక్ష. రెండో గుండు గడియకు పరీక్ష.

గడియ అంటున్నది ‘బోల్ట్’ని. మన ఇంటి తలుపు గడియ ఎలా పనిచేస్తుందో తెలుసుగా! ముందుకు తోస్తాం, పిడిని కిందికి తిప్పుతాం. ఇక తలుపు కదలదు. బోల్ట్ యాక్షన్ రైఫిల్ కూడా అంతే. పిడి ఉన్న ఓ ఉక్కు కడ్డీ తూటాను గొట్టంలోకి తోసి, పక్కకు తిరిగి, వెనకనుంచి గడియ వేస్తుంది. తేడా ఒక్కటే. తలుపు అవతలినుంచి తోసేది మనిషి. ఇక్కడ తోసేది పేలుడు.

తాళాల ఇంట పుట్టిన తుపాకి

ఈ పోలిక ఊరికే కుదిరింది కాదు. యుద్ధానికి పనికొచ్చే మొదటి గడియ తుపాకిని తయారుచేసిన యోహాన్ నికొలాస్ ఫాన్ డ్రైజ్ జర్మనీలోని జోమర్డా అనే ఊళ్లో తాళాలు చేసే ఇంట్లో పుట్టాడు. అతని తుపాకిని ప్రష్యా సైన్యం 1841లో తీసుకుంది. అప్పటిదాకా సైనికుడు గొట్టం మూతినుంచి మందూ, గుండూ కూరుకోవాల్సిందే. అందుకు నిలబడాలి. నిలబడితే శత్రువుకు కనబడాలి. డ్రైజ్ గడియ వచ్చాక పడుకునే తూటా ఎక్కించడం కుదిరింది.

ఆ దారిలో నడిచి దాన్ని పరిపూర్ణం చేసినవాడు పాల్ మౌజర్. జర్మనీలోని ఒబెర్న్‌డార్ఫ్ ఆయుధ కర్మాగారంలో పనివాడిగా మొదలైన మనిషి. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన అతని నమూనాయే ‘మౌజర్ 98’. తర్వాత వచ్చిన వేట తుపాకుల్లో చాలావాటికి అదే మూలం. ఆయుధాలతో చెలగాటం ఎలా ఉంటుందో మౌజర్‌కు బాగా తెలుసు. 1901లో దానంతట అదే తూటా ఎక్కించుకునే తుపాకిని పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో అతను ఓ కన్ను పోగొట్టుకున్నాడు.

ఇటు బ్రిటిష్‌వాళ్లది వేరే దారి. స్కాట్లాండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగిన జేమ్స్ పారిస్ లీ రూపొందించిన గడియతో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ 1895లో వచ్చింది. మనకు బాగా తెలిసిన ‘త్రీ నాట్ త్రీ’ అదే. మౌజర్ పిడిని 90 డిగ్రీలు ఎత్తాలి. లీ పిడికి 60 డిగ్రీలు చాలు. పైగా గడియను వెనక్కి లాగే దూరమూ తక్కువే. అందుకే తర్ఫీదు పొందిన బ్రిటిష్ సైనికుడు 300 గజాల దూరంలోని గురిపై నిమిషానికి 15 గుండ్లు కాల్చాలన్నది అప్పట్లో మామూలు పరీక్ష. దాన్ని ‘మ్యాడ్ మినిట్’ అని ముద్దుగా పిలుచుకునేవారు.

ఎత్తు, లాగు, తొయ్యి, దించు

గడియ కదలిక నాలుగే నాలుగు ముక్కలు. పిడి ఎత్తాలి. వెనక్కి లాగాలి. ముందుకు తొయ్యాలి. కిందికి దించాలి. చూడ్డానికి ఇంతే. కానీ లోపల జరిగే పనులు చాలా ఉన్నాయి.

పిడి ఎత్తగానే గడియ ముందు భాగంలో ఉండే ఉక్కు చెవులు తమ గూళ్లలోంచి పక్కకు తిరుగుతాయి. వాటిని ‘లగ్స్’ అంటారు. అదే సమయంలో ఓ ఏటవాలు అంచు గడియను కొద్దిగా వెనక్కి నెట్టి, పీడనానికి ఉబ్బి గోడకు అతుక్కున్న ఖాళీ తొడుగును వదులు చేస్తుంది. మౌజర్ లాంటి వాటిలో సరిగ్గా అప్పుడే లోపలి స్ప్రింగు కూడా ముడుచుకుని, సూదిని దెబ్బకు సిద్ధం చేస్తుంది. వెనక్కి లాగితే కొక్కెం పట్టుకున్న ఖాళీ తొడుగు బయటపడుతుంది. ముందుకు తోస్తే అరలోంచి కొత్త తూటా ఎగదన్నుకుని వచ్చి గొట్టంలోకి వెళ్తుంది. పిడి దించితే చెవులు మళ్లీ గూళ్లలోకి వెళ్లి గడియ పడుతుంది.

అంటే ఒక్క పట్టున అరడజను చోట్ల ఇనుము ఇనుముతో రాసుకుంటోందన్నమాట. వాటిలో ఏ ఒక్కచోట తేడా వచ్చినా చేతికి తెలిసేది ఒకటే... గరుకు! అందుకే అనుభవజ్ఞుడైన తుపాకి మిస్త్రీ ముందుగా ఆకురాయి పట్టుకోడు. వైద్యుడు నాడి చూసినట్టు గడియను మెల్లగా, అతి మెల్లగా కదిలిస్తాడు. ఏ ముక్కలో ఆగుతోంది? ఎత్తేటప్పుడా, లాగేటప్పుడా? తూటా అర ఉన్నప్పుడా, తీసేసినా అంతేనా? రోగం ఎక్కడుందో తెలిస్తే సగం మందు వేసినట్టే.

ఉదాహరణకు మౌజర్ పిడి ఎత్తడం బరువుగా ఉందనుకుందాం. చాలామంది ‘గరుకు’ అనేస్తారు. నిజానికి అక్కడ చేతికి తగిలేది స్ప్రింగు బలం. అది తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. సూదీ స్ప్రింగూ ఉన్న భాగాన్ని విప్పేసి, ఉత్త గడియను మాత్రమే తుపాకిలో పెట్టి కదపడం. అప్పుడు హాయిగా కదిలిందా... గడియ నిర్దోషి! చూడాల్సింది స్ప్రింగును ముడిచే ఏటవాలు అంచుని. కొందరు దీనికి అడ్డదారి తొక్కి, మెత్తటి స్ప్రింగు వేసేస్తారు. పిడి తేలికవుతుంది నిజమే. కానీ సూది దెబ్బ బలం తగ్గి, కీలకమైన సమయంలో తూటా పేలకుండా మొరాయిస్తుంది.

ముందు కడుగు... తర్వాతే రుద్దు

పాత తుపాకి గడియ మొండికేస్తే నూటికి తొంభైసార్లు ఉక్కు తప్పేమీ ఉండదని ఈ పనిలో ఆరితేరినవాళ్లంటారు. అసలు దొంగ... ఎండిపోయిన నూనె! ఏళ్లతరబడి బీరువాలో పడున్న తుపాకిలో నూనె చిక్కబడి, దుమ్ము పట్టి, చివరికి జిగురవుతుంది. మన ఎద్దుబండి ఇరుసుకు పెట్టిన కందెన ఎండితే చక్రం ఎలా ఏడుస్తుందో ఇదీ అంతే.

రష్యా మోసిన్-నాగాంత్ రైఫిళ్లది ఇందుకు పెద్ద ఉదాహరణ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తుప్పు పట్టకుండా వాటికి దట్టంగా చిక్కటి గ్రీజు పట్టించి గోదాముల్లో దాచారు. దశాబ్దాల తర్వాత అవి అమ్మకానికి వచ్చినప్పుడు కొన్నవారంతా ఒకటే గోల... రెండు గుండ్లు పేలిస్తే గడియ తెరుచుకోదని. కొందరు చెక్క సుత్తితో కొట్టి తెరిచేవారు. చాలావాటిలో తేలిందేమంటే, తూటా కూర్చునే గదిలో పాత గ్రీజు పొరలా మిగిలిపోయింది. పేల్చినప్పుడు వేడికి అది కరిగి, తూటా తొడుగును బంకలా పట్టేసుకుంటోంది. మందు ఏంటంటారా? శుభ్రంగా కడగడమే!

ఫిన్లాండ్‌వాళ్లకు ఈ కిటుకు ముందే తెలుసు. ఆ దేశం మోసిన్-నాగాంత్ రకానికి చెందిన తుపాకుల్లో గడియ కూర్చునే ప్రధాన భాగాన్ని సొంతంగా ఎప్పుడూ తయారుచేయలేదు. రష్యా నుంచి దక్కిన పాతవాటినే తీసుకుని, కొత్త గొట్టాలు బిగించి, సరిదిద్ది వాడుకుంది. 1939-40 శీతాకాల యుద్ధంలో పేరు మోసిన గురికాడు సిమో హైహా చేతిలోని రైఫిలూ ఆ బాపతే. సున్నాకు ఎంతో దిగువన ఉండే చలిలో మామూలు నూనె గట్టిపడి గడియను పట్టేస్తుంది. కాబట్టి అక్కడ నూనె ఎంత తక్కువైతే అంత మంచిది. అంటే నునుపుకు నూనె ఎక్కువ పోయడమే మార్గం అనుకోవడం కూడా పొరపాటే.

కడిగి, తుడిచి, పల్చగా కందెన పెట్టాక కూడా గరుకు ఉందా? అప్పుడు రెండో మందు... ఓపిక. తూటాలు లేవని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఖాళీ తుపాకి గడియను వందలసార్లు ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. కొత్త చెప్పు నడవగా నడవగా కాలికి అమరినట్టు, రాసుకునే రెండు ఉక్కు ముఖాలూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. మధ్యమధ్యలో విప్పి తుడిస్తే నల్లటి మడ్డి వస్తుంది. అది అరిగిన లోహపు పొడి. దాన్ని తుడిచేసి, కొత్త కందెన పెట్టి మళ్లీ మొదలు. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. చాలా తుపాకులకు ఇంతకు మించిన వైద్యం అవసరం పడదు.

నీలిరంగు చెప్పే నిజం

అప్పటికీ లొంగకపోతే మూడో మెట్టు. ఇక్కడే మిస్త్రీ చెయ్యి కావాలి.

గడియ దొర్లే దారిని ‘రేస్‌వే’ అంటారు. కర్మాగారంలో దాన్ని చెక్కే పనిముట్టు సన్నటి గీతలు వదిలిపెడుతుంది. పాత మౌజర్లలో యుద్ధం ముందు చేసినవాటిని ఎంతో శ్రద్ధగా నున్నబరిచారు. యుద్ధం చివర్లో తొందరతొందరగా చేసినవాటిలో ఆ గీతలు కంటికే కనిపిస్తాయి. వాటిమీద గడియ వెళ్తుంటే జిప్పు లాగినట్టు ‘జర్ర్...’మంటుంది. కొన్నిచోట్ల అంచుల్లో కంటికి ఆనని ఉక్కు ముళ్లు నిలుచుంటాయి.

ఎక్కడ రాసుకుంటోందో తెలుసుకోవడానికి లేత్ పనివాళ్లు వాడే నీలిరంగు ముద్దను గడియకు పల్చగా పూస్తారు. కొన్నిసార్లు కదిపి తీసి చూస్తే, రంగు చెరిగిన చోటే రాపిడి ఉన్నట్టు. ఇక పని అక్కడే. ముళ్లుంటే అతి సన్నటి సానరాయితో నాలుగు పట్లు. గీతలుంటే, నూనెలో కలిపిన మెత్తటి రాపిడి పొడిని రేస్‌వేలో మాత్రమే పూసి, గడియను ముందుకూ వెనక్కూ నడిపిస్తారు. లారీ షెడ్డులో వాల్వులకు పేస్టు రాసి తిప్పడం చూశారుగా, అలాంటిదే. కాకపోతే ఆ పేస్టు ఇక్కడ పనికిరాదు. అది ముతక. ఇక్కడ కావాల్సింది 600, 800 నెంబరు రాపిడి పొడి. గీతల తలలు తెగితే చాలు, లోయలు పూడాల్సిన పనిలేదు. ఆ లోయల్లోనే కందెన నిలుస్తుంది. అద్దంలా మెరిసేదాకా రుద్దితే నూనె నిలవక ఉక్కు ఉక్కును పట్టుకుంటుంది. రెండువైపులా స్టెయిన్‌లెస్ స్టీలు ఉన్న తుపాకుల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

పని అయ్యాక ఆ రాపిడి పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి. మిగిలిందా, అది అక్కడే కూర్చుని గడియ కదిలిన ప్రతిసారీ ఉక్కును తింటూనే ఉంటుంది.

ఆ చెవుల జోలికి వెళ్లొద్దు!

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. కారు టైరులో గాలి పీడనం ఎంత? చదరపు అంగుళానికి దాదాపు 30 పౌండ్లు. మరి వేటకు ఎక్కువగా వాడే .30-06 తూటా పేలినప్పుడు లోపల? గరిష్ఠంగా 60 వేల పౌండ్లు! టైరుకు రెండువేల రెట్లు. తూటా అడుగు చిన్నదే అయినా గడియను వెనక్కి తన్నే బలం మూడు టన్నులకు పైమాటే. ఆ గడియకూ పేల్చేవాడి కంటికీ మధ్య దూరం కొద్ది అంగుళాలు. మూడు టన్నుల్ని ఆపేది ఆ రెండు ఉక్కు చెవులే.

కొత్తగా నేర్చుకున్న చేతులకు ఈ చెవుల వెనక ముఖాన్ని కూడా నున్నగా చేద్దామనిపిస్తుంది. రెండు చెవులూ సమానంగా ఆనేలా రుద్దడం నిపుణులు చేసే పనే. కానీ అక్కడ రుద్దిన ప్రతి పొరా గడియను కొంచెం వెనక్కి జరుపుతుంది. తూటా అడుగుకూ గడియకూ మధ్య సందు పెరుగుతుంది. దీన్నే ‘హెడ్‌స్పేస్’ అంటారు. కొలవడానికి రెండు ఉక్కు అచ్చులున్నాయి. ఒకటి ‘గో’. దానిమీద గడియ పడాలి. రెండోది ‘నో గో’. దానిమీద పడకూడదు. .308 తూటాకు ఈ రెండిటికీ తేడా ఎంతో తెలుసా? అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. మామూలు జిరాక్స్ కాగితం మందం అంతే! ఆ కాగితం మందం దాటితే పేలిన ఇత్తడి తొడుగు సాగి, చిరిగి, మండే వాయువు వెనక్కి తన్నుకురావచ్చు.

ఇంకో చిక్కూ ఉంది. పాత మౌజర్ల ఉక్కు లోపల మెత్తన, పైన గట్టి. బొగ్గు పట్టించి కాల్చి పైపొరను గట్టిపరిచేవారు. లోపలి మెత్తదనం దెబ్బను ఓర్చుకుంటుంది, పై గట్టిదనం అరుగుదలను ఆపుతుంది. ఆ గట్టి పొర మందం మిల్లీమీటరులో కొద్ది భాగమే. అతిగా రుద్ది దాన్ని దాటితే దొరికేది మెత్తటి ఉక్కు. మొదట్లో ఎంతో నున్నగా ఉంటుంది. కానీ పేల్చేకొద్దీ చెవులు గూళ్లలో గుంటలు చేసుకుంటూ పోతాయి. అంటే నునుపు కోసం చేసిన పనే కొన్నాళ్లకు కొత్త గరుకును తెచ్చిపెడుతుంది... ప్రమాదంతో సహా!

పైపొరా లోపొరా కుదరకపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో 1903 నమూనా రైఫిళ్ల ఉక్కును కొలిమి పనివాళ్లు కంటితో రంగు చూసి కాల్చేవారు. 1917లో కొన్ని తుపాకులు పగిలిపోవడంతో ఆరా తీశారు. కొలిచి చూస్తే, ఎండ బాగా ఉన్న రోజుల్లో ఎర్రటి ఉక్కు కంటికి మసకగా కనిపించి, పనివాళ్లు అనుకున్నదానికన్నా 300 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా ఎక్కువ కాలుస్తున్నారని తేలింది. అలా మాడిన ఉక్కు గాజులా పెళుసైంది. ఆ తర్వాత పద్ధతి మార్చారు. కానీ అంతకుముందు చేసిన, 8 లక్షల లోపు సంఖ్యలున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లను పేల్చవద్దని జాగ్రత్తపరులు ఇప్పటికీ హెచ్చరిస్తారు.

ట్రిగ్గరు నొక్కేదాకా సూదిని పట్టి ఉంచే కొక్కేనిదీ ఇదే వరస. నొక్కడం తేలికవుతుందని దాని అంచును నున్నగా చేస్తే, గడియ గట్టిగా వేసినా, తుపాకి కింద పడినా తనంతట తానే పేలే ప్రమాదం ఉంది.

నునుపుకూ ఓ వెల ఉంది

పుట్టుకతోనే నునుపైన గడియలు లేవా అంటే ఉన్నాయి. పాతకాలపు వాటిలో అందరూ మొదట చెప్పే పేరు నార్వే దేశపు క్రాగ్-యోర్గెన్సన్. ఓలె క్రాగ్, ఎరిక్ యోర్గెన్సన్ అనే ఇద్దరు చేసిన ఆ రైఫిల్‌ను 1889లో డెన్మార్క్, 1892లో అమెరికా, 1894లో నార్వే తీసుకున్నాయి. దాని గడియ ఒక్క వేలితో తోసినా జారిపోతుందని పేరు. ఆస్ట్రియాలోని స్టెయర్ నుంచి 1903లో వచ్చిన మాన్లిషర్-షోనవర్ కూడా ఆ కోవదే.

మరి లోకమంతా వాటినే ఎందుకు వాడలేదు? అమెరికా వాడిన క్రాగ్‌లో ముందువైపు చెవి ఒక్కటే. నునుపు వచ్చింది కానీ, అంతకన్నా బలమైన తూటాను ఓర్చుకునే శక్తి రాలేదు. 1898లో క్యూబాలో స్పెయిన్ సైనికుల చేతుల్లోని 7 మిల్లీమీటర్ల మౌజర్లను ఎదుర్కొన్నాక ఆ సంగతి అమెరికాకు బోధపడింది. ఆ తర్వాత చేసుకున్న 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ మౌజర్‌ను ఎంతగా పోలిందంటే, అమెరికా ప్రభుత్వం మౌజర్ కంపెనీకి 2 లక్షల డాలర్లు చెల్లించుకోవాల్సి వచ్చింది.

మౌజర్ 98 గడియను పూర్తిగా వెనక్కి లాగితే లొడలొడమంటుంది. కొత్తవాళ్లు అది లోపమనుకుంటారు. కానే కాదు! బురద, ఇసుక పడ్డా నడవాలని కావాలనే వదిలిన సందు అది. గడియ వేసేటప్పుడు మాత్రం తొణకదు. పైగా దాని పెద్ద కొక్కెం తూటా అరలోంచి లేస్తుండగానే అంచు పట్టేసుకుంటుంది. హడావుడిలో సగం లాగి తోసినా రెండు తూటాలు ఇరుక్కోవు. వేటగాడికి చెవికింపైన నునుపుకన్నా ఆ భరోసాయే ఎక్కువ.

జిమ్ కార్బెట్ నమ్ముకున్నదీ దాన్నే. 436 మందిని పొట్టనబెట్టుకున్న చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు అతనికి బహుమతిగా .275 రిగ్బీ రైఫిల్ దక్కింది. దానిమీద పేరు బ్రిటన్‌కు చెందిన రిగ్బీ కంపెనీది, లోపలి గడియ మౌజర్‌ది. తూటా? పేరు మారింది కానీ, క్యూబాలో అమెరికాను బెంబేలెత్తించిన ఆ 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే! 1926లో రుద్రప్రయాగ చిరుతను కార్బెట్ కాల్చింది ఈ తుపాకితోనే. దాన్ని 2015లో రిగ్బీ కంపెనీయే తిరిగి కొనుక్కుంది. 2016లో అది మరోసారి మనదేశం చూసి వెళ్లింది.

అన్నట్టు, మన బొల్లారంలో 1910లో పుట్టి, అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు అడవుల దాకా నరభక్షకుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్‌కు మాత్రం గడియ గొడవే లేదు. అతని .405 వించెస్టర్ కింద మీట లాగి తూటా ఎక్కించే రకం!

ఈశాపురం నుంచి ఒలింపిక్స్ దాకా

మన దగ్గర లైసెన్సు ఉన్నవారి ఇళ్లలో కనిపించే రైఫిల్ ఎక్కువగా .315. పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపురం కర్మాగారం దీనికి పుట్టిల్లు. సైన్యం వాడే .303 తూటాను సామాన్యులకు ఇవ్వకూడదన్నది బ్రిటిష్ కాలపు నియమం. అందుకే అదే లీ-ఎన్‌ఫీల్డ్ గడియకు 8 మిల్లీమీటర్ల తూటాను జతచేశారు. ఆ కర్మాగారం 2021 అక్టోబరు 1 నుంచి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ కిందికి వచ్చింది. త్రీ నాట్ త్రీకి ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన వీడ్కోలు పలికారు. కానీ దాని తోబుట్టువు .315 మాత్రం పొలం కాపలాల్లో, బ్యాంకుల గుమ్మాల్లో ఇంకా నిలబడే ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మనదేశంలో వేట ముగిసిన అధ్యాయం. మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువును చంపాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాల్సిందే. తుపాకి మరమ్మతూ అంతే. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాన్ని బాగుచేయడం కూడా నేరమే. కాబట్టి తాతగారి రైఫిల్ గడియ గరగరలాడుతుంటే ఇంట్లో చేయదగ్గది శుభ్రం చేయడమే. మిగతాది లైసెన్సు ఉన్న మిస్త్రీ పని.

వేట పోయినా గడియ మాత్రం ఆటలో బతికింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్ పోటీలో వాడేది .22 గడియ రైఫిలే. ప్రతి గుండుకూ గడియ తీసి వేయాల్సిందే. ఆ కదలికలో ఓ కుదుపు ఉంటే భుజం కదులుతుంది, గురి చెదురుతుంది. మంచు మీద జారుతూ వచ్చి, ఆయాసపడుతూనే ఐదు గుండ్లు కాల్చే బయాథ్లాన్‌లో అయితే ఒక్కో సెకనూ పతకమే. అందుకే అక్కడ పిడి తిప్పే పనే లేకుండా వేలితో లాగి, బొటనవేలితో తోసే గడియలు రాజ్యమేలుతున్నాయి.

ఇప్పుడు కంప్యూటర్ యంత్రాలు చెక్కే గడియలు పెట్టెలోంచి తీసేసరికే నున్నగా ఉంటున్నాయి. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా లాంటివాటికి సానరాయి చూపించే పనేలేదు. అయినా పాత తుపాకులు ఎక్కడికీ పోలేదు. వాటి గడియ సరిచేసే చేతులూ అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఆ చేతుల్లో మంచి చెయ్యి ఏదో గుర్తుపట్టడం ఎలా? గడియ ఎంత మెరుస్తోందన్నది కాదు గుర్తు. రాసుకునేచోట ఎంత పని చేశాడో, బరువు మోసేచోట అంత దూరంగా ఉన్నాడా లేదా అన్నదే గుర్తు. తెగేదాకా లాగకూడదన్నారు పెద్దలు. అరిగేదాకా రుద్దకూడదన్నది తుపాకి మిస్త్రీ మాట!

గరుకు ఎక్కడ... గుట్టు ఏమిటి?

పిడి ఎత్తేటప్పుడు బరువు: స్ప్రింగు బలం కావచ్చు. లేదంటే దాన్ని ముడిచే ఏటవాలు అంచు గరుకు.

లాగేటప్పుడు జరజర: రేస్‌వేలో పనిముట్టు గీతలు, లేదా ఎండిన నూనె.

తోసేటప్పుడు మాత్రమే పట్టేస్తే: తూటా అరను తీసి చూడాలి. అప్పుడు హాయిగా కదిలితే తప్పు అరది, దాని స్ప్రింగుది.

పిడి చివర్లో దిగకపోతే: తూటా గదిలో మురికి, లేదా కొలత తప్పిన తూటా. బలవంతంగా దించకూడదు.

ఖాళీగా నున్నగా కదిలి, పేల్చాక బిగిస్తే: అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం ఇదే. తూటా గదిలో పాత గ్రీజో తుప్పో ఉండొచ్చు, పీడనం హద్దు దాటుతూ ఉండొచ్చు. మండుటెండలో వేడెక్కిన తూటా పీడనం ఇంకా పెరుగుతుంది. ఇండియా, ఆఫ్రికాల కోసం బ్రిటిష్‌వాళ్లు పెద్ద తొడుగుల్లో తక్కువ పీడనంతో తూటాలు చేసింది ఈ భయంతోనే. ఇలాంటప్పుడు నూనె పోసి సరిపెట్టుకోకూడదు. తూటా గదిలో నూనె ఉంటే గడియ మీద తోపు పెరుగుతుంది. పేల్చడం ఆపి, తుపాకిని నిపుణుడికి చూపించడమే మేలు.